ఇంట్లో సిగార్లకు ఎంత పెట్టె కావాలి: 75 అంకె వేసి అమ్మే ఒక హ్యూమిడార్‌పై సమీక్ష

సిగార్లను ఇంట్లో భద్రపరచుకోవాలనుకునేవారికి దుకాణాల్లో మొదట చూపించేది బల్లమీద పెట్టుకునే చెక్క హ్యూమిడార్, అంటే సిగార్లు ఎండిపోకుండా తేమను నిలిపి ఉంచే పెట్టె. బయట నున్నని వార్నిషు, లోపల స్పానిష్ సీడార్ పలకలు, మూత అడుగున తేమనిచ్చే చిన్న పరికరం, ముందు వైపు గాలిలో తేమను కొలిచే ముల్లు హైగ్రోమీటర్, అట్టపెట్టె మీద ఎన్ని సిగార్లు పడతాయో చెప్పే 25, 50, 75, 100 వంటి ఒక అంకె ఉంటాయి. ఏ పేరుతో అమ్మినా ఈ పెట్టెల స్వరూపం ఇంచుమించు ఇదే. హైదరాబాదులోని మా ఇంట్లో నేను వాడుతున్నది 75 అంకె ఉన్న పెట్టె. ఇదే తరహా పెట్టెలు చాలా పేర్లతో దొరుకుతున్నాయి కనుక తయారీదారు పేరు చెప్పడం కన్నా, ఈ పరిమాణం ఎవరికి సరిపోతుంది, ఎవరికి చాలదు, ఎవరికి అనవసరం అన్నది వివరించడమే కొనేవారికి ఉపయోగకరమని అనుకుంటున్నాను. నా నిర్ణయం ముందే చెబుతాను. ఇది మంచి పెట్టె, కానీ ఇందులో పట్టేది 75 కాదు. రోబస్టోలు, అంటే పొట్టిగా లావుగా ఉండే సిగార్లు, కాల్చేవారు దీనిని 30 సిగార్ల పెట్టెగా భావించి కొనుక్కుంటే సంతృప్తి పడతారు, 75 సిగార్ల పెట్టెగా నమ్మి కొంటే పడరు.

ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే తక్కిన లెక్క సులభమవుతుంది. సిగార్ లావును రింగ్ గేజ్ అనే కొలతలో చెబుతారు. అంగుళాన్ని 64 భాగాలు చేస్తే, సిగార్ వ్యాసం అందులో ఎన్ని భాగాలకు సమానమో అదే దాని రింగ్ గేజ్. క్యూబా సిగార్లలో చిరకాలంగా పేరున్న మాంటెక్రిస్టో నంబర్ 4 పొడవు 129 మిల్లీమీటర్లు, రింగ్ గేజ్ 42. అంటే దాని వ్యాసం సుమారు 1.67 సెంటీమీటర్లు. పార్టగాస్ సెరీ డి నంబర్ 4 అనే రోబస్టో పొడవులో దానికన్నా కొంచెం తక్కువే, 124 మిల్లీమీటర్లు, కానీ రింగ్ గేజ్ 50 కావడంతో వ్యాసం 1.98 సెంటీమీటర్లకు చేరుతుంది. ఇక అమెరికాలో బాగా వాడుకలో ఉన్న గోర్డో రకం రింగ్ గేజ్ 60, వ్యాసం 2.38 సెంటీమీటర్లు. హ్యూమిడార్ల సామర్థ్యాన్ని లెక్కగట్టేటప్పుడు తయారీదారులు సాధారణంగా 42 రింగ్ గేజ్ చుట్టూ ఉండే సన్నని కరోనా రకాన్నే ప్రమాణంగా తీసుకుంటారు. అదీ మధ్యలో ట్రే, అడ్డుపలకలు ఏవీ లేకుండా ఒకదానిపై ఒకటి పేర్చినప్పటి లెక్క. వ్యాసం కొద్దిగా పెరిగితే ఆక్రమించే చోటు దాని వర్గం మేరకు పెరుగుతుంది. అందువల్ల 42 నుంచి 50కి వెళ్తే ఒక్కో సిగార్‌కు దాదాపు 1.4 రెట్లు, 60కి వెళ్తే రెండు రెట్లకు పైగా చోటు కావాలి.

నా పెట్టె లోపలి కొలతలు: పొడవు 25 సెంటీమీటర్లు, వెడల్పు 20, లోతు 9. సిగార్లను వెడల్పు దిశగా పరిస్తే, 42 రింగ్ గేజ్ ఉన్నవి ఒక వరుసకు 14 చొప్పున 5 వరుసలు, మొత్తం 70 పడతాయి. కనుక ప్రకటనలోని 75 పూర్తి అబద్ధమేమీ కాదు. కానీ 50 రింగ్ గేజ్ ఉన్న రోబస్టోలైతే వరుసకు 12 చొప్పున 4 వరుసలే వస్తాయి, అంటే 48. గోర్డోలైతే వరుసకు 10 చొప్పున 3 వరుసలు, అంటే 30. ఇదంతా ఖాళీ పెట్టె లెక్క. పెట్టెతో ఇచ్చిన ట్రేను లోపల అమర్చగానే దాని అడుగుపలకకు, పైన కింద ఉండవలసిన సందుకు కలిపి దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల లోతు పోతుంది. మిగిలిన లోతులో ట్రే కింద రెండు వరుసల రోబస్టోలు, ట్రేలో ఒక వరుస మాత్రమే పడతాయి. అడ్డుపలక పెడితే వరుసకు ఒకటి తగ్గుతుంది. అంతా పోగా తేలిన సంఖ్య 33. గాలి ఆడడానికి కాస్త చోటు వదిలితే హాయిగా ఉండేవి 30. ప్రకటించిన అంకెలో సగం కన్నా తక్కువ. ట్రే తీసేస్తే చోటు పెరిగే మాట నిజమే గాని, అప్పుడు అడుగున ఉన్నది కావాలంటే పైవన్నీ కదల్చాలి. అలా కదిల్చినప్పుడల్లా పైన చుట్టిన పలుచని ఆకు చిట్లే ప్రమాదం ఉంటుంది. కాబట్టి ట్రే ఉంచుకుని సంఖ్య తగ్గించుకోవడమే మేలని నా అభిప్రాయం.

లావుతోపాటు పొడవునూ చూసుకోవాలి. ఈ పెట్టెకున్న 20 సెంటీమీటర్ల వెడల్పు చాలా సిగార్లకు సరిపోతుంది. రోమియో ఇ హులియెటా చర్చిల్ అనే పొడవాటి సిగార్ 178 మిల్లీమీటర్లు కనుక అది సులభంగా ఒదుగుతుంది. కోహిబా లాన్సెరో 192 మిల్లీమీటర్లు కనుక అంచులకు దాదాపు తగులుతూ పడుతుంది. అదే 25 లేదా 50 అంకె వేసిన చిన్న పెట్టెల్లో కొన్నింటికి లోపలి వెడల్పు 18 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటుంది. వాటిలో చర్చిల్‌ను ఏటవాలుగా పెట్టక తప్పదు, దాంతో ఒక వరుస మొత్తం పాడవుతుంది. మరోవైపు, రోబస్టో పొడవు 12.5 సెంటీమీటర్ల చుట్టూ మాత్రమే కనుక నా పెట్టెలో ఒక పక్కన ఏడు సెంటీమీటర్లకు పైగా చోటు మిగులుతుంది. ఆ చోటు వృథా కాదు. తేమను సమంగా ఉంచే చిన్న ప్యాకులు, చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ అక్కడే చక్కగా కుదురుకుంటాయి, సిగార్లను తాకవు.

అయితే కావలసినదానికి రెట్టింపు పరిమాణం ఉన్న పెట్టె కొనమని అనుభవజ్ఞులు తరచుగా ఇచ్చే సలహా సరైనదేనా? సగమే సరైనదని నా నిర్ణయం. అట్టపెట్టె మీది అంకె విషయంలో అది సరిగ్గా సరిపోతుంది. ఎందుకంటే ఇంతకుముందు చూపిన లెక్క ప్రకారం 30 రోబస్టోలకు 60 నుంచి 75 అంకె ఉన్న పెట్టె నిజంగానే కావాలి. కానీ మునుముందు సేకరణ పెరుగుతుందేమోనన్న ఆశతో, లోపలి కొలతల ప్రకారమే రెట్టింపు చోటు ఉన్న పెట్టెను కొని సగం ఖాళీగా ఉంచితే, ఆ ఖాళీ సిగార్లకు హాని చేస్తుంది. ఊరగాయ ఎంతుంటే అంతకు తగిన జాడీలోకి మార్చే మన పెద్దవారి పద్ధతి వెనుక ఉన్న ఆలోచనే ఇక్కడా వర్తిస్తుంది.

దీనికి కారణం నీటి లెక్కలో ఉంది. 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనమీటరు గాలి గరిష్ఠంగా సుమారు 18 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. 70 శాతం సాపేక్ష ఆర్ద్రత అంటే అందులో దాదాపు 13 గ్రాములు. నా పెట్టె లోపలి ఘనపరిమాణం 4.5 లీటర్లు. కాబట్టి ఆ పెట్టెలోని గాలి మొత్తంలో ఉండే నీరు 0.06 గ్రాము కూడా ఉండదు. పది గ్రాములకు పైగా తూగే ఒక రోబస్టోలోనైతే బరువులో పదో వంతుకు మించి నీరే ఉంటుంది, అంటే కనీసం ఒక గ్రాము. పెట్టెలోని గాలి అంతటికన్నా ఒక్క సిగార్‌లో పదిహేను రెట్లకు పైగా నీరు ఉందన్నమాట. హ్యూమిడార్‌లో తేమకు అసలు నిల్వ గాలి కాదు, పొగాకూ సీడార్ చెక్కానూ. మూత తీసినప్పుడల్లా బయటి పొడిగాలి లోపలికి వస్తుంది, అతుకుల సందుల్లోంచి తేమ నిరంతరం కొద్దికొద్దిగా పోతూ ఉంటుంది. ఆ నష్టాన్ని 30 సిగార్లు పంచుకుంటే ఒక్కోదాని వాటా లెక్కలోకి రానంత స్వల్పం. అంతే పెట్టెలో అయిదే ఉంటే వాటి ఆకు ముందుగా ఆరుతుంది, తరువాత ప్యాకుల నుంచి మళ్లీ తేమ పీల్చుకుంటుంది, మళ్లీ ఆరుతుంది. ఈ హెచ్చుతగ్గుల వల్లనే ఆకు పగుళ్లిచ్చి, సిగార్ ఒక పక్కే కాలడం మొదలవుతుంది. పెట్టె నూటికి 70 నుంచి 80 పాళ్లు నిండి ఉండాలన్న నియమం ఇందుకే పుట్టింది. పూర్తిగా కిక్కిరిసినా గాలి ఆడక మూలల్లో తేమ సమంగా అందదు.

ఖాళీ చోటుకు డబ్బు కూడా ఖర్చవుతుంది. తేమను అవసరమైనప్పుడు వదిలి, ఎక్కువైనప్పుడు పీల్చుకునే ప్యాకులు ఇప్పుడు అందరూ వాడుతున్నారు. వాటిలో బొవేడా 60 గ్రాముల ప్యాకులను పెట్టె సామర్థ్యంలో ప్రతి 25 సిగార్లకు ఒకటి చొప్పున పెట్టమని ఆ సంస్థ చెబుతుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది లోపల ఉన్న సిగార్ల సంఖ్య కాదు, పెట్టె సామర్థ్యం. కనుక 75 అంకెకు 3 ప్యాకులు, 100కు 4, 300కు 12 కావాలి. అవి గట్టిపడినప్పుడల్లా మార్చాలి. చెక్కపెట్టెలో అది కొన్ని నెలలకోసారి తప్పని ఖర్చు. కొత్త పెట్టెను వాడకానికి సిద్ధం చేయడానికీ ఇదే లెక్క. స్పానిష్ సీడార్ చెక్క మొదట పొడిగా ఉంటుంది, దానికి తేమ పట్టించకుండా సిగార్లు పెడితే వాటిలోని తేమనే అది లాగేసుకుంటుంది. ఆర్ద్రతను 84 శాతం దగ్గర నిలిపే ప్యాకులను అదే సంఖ్యలో లోపల పెట్టి 14 రోజులు మూత తీయకుండా ఉంచాలి, ఆ తరువాత మామూలు ప్యాకులు వేసుకోవాలి. తడిగుడ్డతో లోపలి పలకలను తుడిచే పాత పద్ధతిని నేను సమర్థించను. చెక్క ఉబ్బి మూత వంకరపోతే ఆ తరువాత ఏ ప్యాకూ దానిని కాపాడలేదు.

మన రెండు రాష్ట్రాల వాతావరణం ఈ లెక్కను ఇంకా కఠినం చేస్తుంది. హైదరాబాదులో మే నెల పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల చుట్టూ ఉంటుంది, మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతానికి దిగువకు పడిపోవడం మామూలే. జూలై వచ్చేసరికి అదే గాలి తడిబారుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర నగరాల్లోనైతే ఏడాదిలో చాలా భాగం ఉక్కపోతే. అంటే ఒకే పెట్టె వేసవిలో తేమను బయటికి పోనివ్వకూడదు, వానాకాలంలో బయటి తేమను లోపలికి రానివ్వకూడదు. ఒట్టి స్పాంజితో పనిచేసే పరికరం తేమను ఇవ్వగలదే గాని వెనక్కి తీసుకోలేదు కనుక మన వానాకాలంలో దానివల్ల ఉపయోగం లేదు, బూజుకు మాత్రం అవకాశం ఉంది. పెట్టెతో వచ్చిన ఆ పరికరాన్ని తీసేసి, ఆ చోటును ఖాళీగా వదలడమే మంచిది. పుస్తకాల్లో రాసే 21 డిగ్రీలు, 70 శాతం అన్న ప్రమాణం నిరంతరం ఏసీ నడిచే గదికి తగినది. గది వేడి 28, 30 డిగ్రీలు ఉండే ఇళ్లలో 62 లేదా 65 శాతం ప్యాకులు వాడడమే క్షేమమని, అలా ఉంచిన సిగార్లు సమంగా కాలుతున్నాయని నా పరిశీలన.

వేడి గురించి ఇంత చెప్పడానికి మరో కారణం పురుగు. పొగాకు నిల్వల్లో పడే చిన్న పెంకు పురుగు, శాస్త్రీయ నామం లాసియోడెర్మా సెరికార్నే, ఆకులో కంటికి కనబడని గుడ్లుగా దాగి ఉండి, ఉష్ణోగ్రత సుమారు 24 డిగ్రీలు దాటితే చురుకుగా ఎదుగుతుంది. పిల్ల పురుగు సిగార్‌ను లోపల తొలిచి, పెద్దదై గుండుసూది పట్టేంత రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది. మన ఇళ్లలో పసుపు, ధనియాలు, ఎండుమిరపకాయల నిల్వలను పాడుచేసేది కూడా ఇదే పురుగు. కనుక హ్యూమిడార్‌ను వంటింటి సామాన్ల గదికి దూరంగా ఉంచాలి. దీనికీ పరిమాణానికీ సంబంధం ఉంది. ఒక పెద్ద పెట్టెలో నూరు సిగార్లు కలిపి ఉంచితే ఒకదానిలో పుట్టిన పురుగు అన్నిటికీ పాకుతుంది. అదే మూడు చిన్న పెట్టెల్లో పంచి ఉంచితే నష్టం ఒక పెట్టెతో ఆగే అవకాశం ఎక్కువ. కొత్తగా వచ్చిన సిగార్లను గట్టిగా మూసిన సంచిలో పెట్టి, కొన్ని రోజులు ఫ్రీజర్‌లో, తరువాత ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో, ఆపైన గదిలో ఉంచి, అంతా అయ్యాకే పెట్టెలోకి చేర్చడం నాకు అలవాటు. ఈలోపు వాటిని ఉంచడానికైనా రెండో డబ్బా ఒకటి చేతిలో ఉండాలి.

ఈ 75 అంకె పెట్టెలో నాకు నచ్చినది మూత. అరచేతి వెడల్పు ఎత్తు నుంచి వదిలితే అది ఠక్కున పడదు, లోపలి గాలి నెమ్మదిగా తప్పుకుంటూ ఉంటే మెత్తగా దిగుతుంది. మూత అంచున ఒక కాగితం పెట్టి మూసి లాగితే నాలుగు వైపులా బిగువుగానే ఉంది. వెలుగుతున్న టార్చి లోపల పెట్టి చీకటి గదిలో చూస్తే మూత చుట్టూ వెలుగు కనిపించలేదు. ముందు వైపు హైగ్రోమీటర్ బిగించిన గుండ్రని రంధ్రం దగ్గర మాత్రం సన్నని గీతలా కనిపించింది. ముందు భాగంలో మీటరు కోసం చెక్కను తొలిచిన పెట్టెలన్నిటిలోనూ ఇది చూసుకోవలసిన చోటు. అందం కోసం పెట్టిన ఆ ముల్లు మీటరు చూపే అంకె కూడా నమ్మదగినది కాదు. సీసా మూతలో కొంచెం ఉప్పు పోసి, ముద్ద అయ్యేంత వరకే నీటి చుక్కలు కలిపి, మీటరుతోపాటు జిప్ సంచిలో ఒక రాత్రంతా ఉంచితే సంచిలో ఆర్ద్రత 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు అంతకన్నా ఎంత ఎక్కువ లేదా తక్కువ చూపితే అంత తేడా సరిదిద్దుకోవాలి. పైన గాజు పలక బిగించిన మూతలున్న పెట్టెలను నేను సిఫారసు చేయను, గాజూ చెక్కా కలిసే అతుకు కాలక్రమంలో వదులయ్యే అవకాశం ఎక్కువ. పైగా వెలుతురు సిగార్ ఆకుకు మంచిది కాదు.

ఎన్ని సిగార్లు నిల్వ ఉంచాలన్నది ఒకేసారి ఎన్ని వస్తాయి, మళ్లీ వచ్చేలోపు ఎన్ని ఖర్చవుతాయి అన్న రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. మన దగ్గర చాలామందికి సిగార్లు విదేశాల నుంచి వచ్చే బంధుమిత్రుల చేతనే అందుతాయి. మన కస్టమ్స్ బ్యాగేజీ నియమాల ప్రకారం ఒక ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగలిగే సిగార్లు 25. కాబట్టి మన ఇళ్లలో నిల్వ 25 చొప్పున పెరిగి, నెలకు మూడు నాలుగు చొప్పున తగ్గుతుంది. నెలకు నాలుగు కాల్చేవారికి ఆ 25 అర్ధసంవత్సరం వస్తాయి. ఇలాంటివారు 25 అంకె వేసిన పెట్టె చాలని సహజంగానే అనుకుంటారు, కానీ అది కరోనాల లెక్క. వచ్చినవి రోబస్టోలైతే అందులో పదిహేను పట్టడమే కష్టం. పాతవి అయిదారు మిగిలి ఉండగా కొత్త 25 వచ్చే ఇంటికి, నేను పైన చెప్పిన 30 రోబస్టోల చోటు, అంటే 75 అంకె పెట్టె, సరిగ్గా సరిపోతుంది. నాకు ఈ పెట్టె నచ్చడానికి ముఖ్యకారణం ఇదే.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువారి లెక్క వేరు. అక్కడ 1962 నుంచి క్యూబా సిగార్ల మీద నిషేధం ఉన్నందున నికరాగువా, డొమినికన్ రిపబ్లిక్, హోండురస్ సిగార్లే దొరుకుతాయి. వాటిలో 52 నుంచి 60 రింగ్ గేజ్ ఉన్న లావు రకాలు ఎక్కువ. 20 లేదా 25 సిగార్ల పెట్టెలుగా తెప్పించుకోవడమూ సులభం. రెండు పెట్టెలు కొంటే 40 నుంచి 50 గోర్డోలు ఒకేసారి ఇంటికి వస్తాయి. ఈ 75 అంకె పెట్టెలో, ట్రే తీసేసినా, అవన్నీ పట్టవు. అలాంటివారు లోపలి ఘనపరిమాణం 10 లీటర్లకు తగ్గని పెట్టెను చూసుకోవాలి. న్యూజెర్సీ చలికాలంలో హీటర్ నడిచే ఇంటి గాలి మన మే నెల గాలి అంత పొడిగా మారుతుంది కనుక బిగువైన మూత అవసరం అక్కడా అంతే ఉంటుంది.

మొదటిసారి కొనేవారికి చెక్కపెట్టె కన్నా ముందు నేను సూచించేది, మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉండి నాలుగు వైపులా క్లిప్పులతో బిగిసే ప్లాస్టిక్ డబ్బా. ఆహారం నిల్వకు తయారుచేసిన, వాసన లేని 3 లీటర్ల డబ్బా చాలు. లోపల 24 సెంటీమీటర్ల పొడవు, 16 వెడల్పు, 8 లోతు ఉన్న అటువంటి డబ్బాలో రోబస్టోలు వరుసకు 12 చొప్పున 4 వరుసలు పడతాయి. హాయిగా 35 ఉంచి, పక్కన మిగిలిన మూడు సెంటీమీటర్ల సందులో ప్యాకు నిలబెట్టవచ్చు. తేమ పీల్చుకునే చెక్క గోడలు లేవు కనుక దానిని ముందుగా తడపవలసిన పని లేదు, ప్యాకులు చెక్కపెట్టెలోకన్నా చాలాకాలం మన్నుతాయి. వేసవిలో నా ఇంట్లో చెక్కపెట్టెలోని మీటరు రెండు మూడు శాతం అటూ ఇటూ కదులుతూ ఉండగా ఈ డబ్బాలోని మీటరు కదలకుండా ఉంటుంది. దీనికి లోపాలు లేకపోలేదు. గాలి అసలు ఆడదు కనుక వారానికో పది రోజులకో ఒకసారి మూత తీయాలి. తడిగా వచ్చిన సిగార్లను నేరుగా ఇందులో పెడితే ఆ తేమ పోవడానికి దారి ఉండదు. సీడార్ సువాసన కావాలంటే సిగార్ పెట్టెల్లో వచ్చే పలుచని సీడార్ రేకులను దాచుకుని అడుగున పరచుకోవాలి. బల్లమీద పెట్టి అతిథులకు చూపే వస్తువు మాత్రం ఇది కాదు.

అంతకన్నా చిన్నవాటి గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. అయిదు నుంచి పది సిగార్లు పట్టే, లోపల స్పాంజి గాడులున్న గట్టి ప్రయాణ పెట్టెలు ప్రయాణానికీ, ఫ్రీజర్ నుంచి తీసినవాటిని వేరుగా ఉంచడానికీ పనికివస్తాయి. 25 అంకె చెక్కపెట్టెలు చూడడానికి బాగుంటాయి గాని వాటి పలకలు పలుచన, మూత తేలిక, బిగువు తక్కువ. ఆ ధర పెట్టేబదులు ప్లాస్టిక్ డబ్బా, మంచి డిజిటల్ మీటరు, ప్యాకులు కొనుక్కోవడం మేలు.

పెద్ద పరిమాణాలకు వస్తే, సిగార్లను వాటి అసలు పెట్టెల్లోనే ఏళ్ల తరబడి ఉంచి రుచి పండనివ్వాలనుకునేవారికి మాత్రమే అవి అవసరం. పెట్టెలతో సహా ఉంచితే చోటు రెండింతలు కావాలి కనుక 100 అంకె బల్ల పెట్టె అందుకు పనికిరాదు. 40, 50 లీటర్ల ఐస్ పెట్టెను కొని, అందులో అసలు పెట్టెలను పేర్చి, పెద్ద ప్యాకులు వేయడం చవకైన మార్గం. దాని గోడల్లోని నురుగు పొర వేడిని కూడా కొంత ఆపుతుంది. కరెంటుతో చల్లబరిచే హ్యూమిడార్లు మన వేడికి సమాధానమని చాలామంది అనుకుంటారు. వాటిలో చాలావరకు పెల్టియర్ పద్ధతిలో, అంటే కరెంటు పారితే ఒక వైపు చల్లబడి మరో వైపు వేడెక్కే పలకతో పనిచేస్తాయి. అవి గది ఉష్ణోగ్రత కన్నా పదీ పన్నెండు డిగ్రీలు మించి చల్లబరచలేవు. గది 36 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం లోపల 24 దగ్గరే ఆగిపోతాయి. కంప్రెసర్‌తో పనిచేసేవి అంతకన్నా చల్లబరుస్తాయి, కానీ నడిచిన ప్రతిసారీ లోపలి గాలిలోని తేమను నీటిబొట్లుగా మార్చి తీసేస్తాయి కనుక తేమ ప్యాకులకు రెట్టింపు పని పడుతుంది. నాలుగు పెట్టెల సిగార్లు కూడా లేనివారికి ఈ ఖర్చు దండగ. ఏసీ గదిలోని చెక్క అలమారా కింది అరలో, ఎండ తగలని గోడవైపు ఉంచిన చిన్న పెట్టె ఆ పనిని చాలావరకు చేస్తుంది.

వాసనల సంగతి కూడా పరిమాణాన్ని నిర్ణయించేటప్పుడు గుర్తుంచుకోవాలి. వనిల్లా, కాఫీ వంటి సువాసనలు పట్టించిన సిగార్లను మామూలువాటితో కలిపి ఉంచితే కొద్ది వారాల్లో అన్నిటికీ అదే వాసన అంటుకుంటుంది, ఆ పెట్టె చెక్క నుంచి ఆ వాసన మళ్లీ పోదు. గోదావరి లంకల్లో పండే లంక పొగాకుతో చుట్టిన చుట్టలను ఇష్టంగా దాచుకునేవారు మన ప్రాంతంలో ఇంకా ఉన్నారు. ఆ పొగాకు ఘాటు మీద నాకు గౌరవమే ఉంది, కానీ దానిని క్యూబా సిగార్ల పక్కన ఒకే పెట్టెలో ఉంచడం రెండింటికీ అన్యాయం. చుట్టలకు వేరే డబ్బా, సువాసన సిగార్లకు వేరే డబ్బా ఉండాలి. నూరు అంకె పెట్టె ఒకటి కొనేకన్నా 75 అంకె చెక్కపెట్టె ఒకటి, 3 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు రెండు కొనమని నేను సలహా ఇవ్వడానికి ఇదొక కారణం. రోజుకు ఎన్ని కాల్చవచ్చో చెప్పడం ఈ సమీక్ష పని కాదు, అయినా పొగాకు హాని అందరికీ తెలిసినదే కనుక, పెద్ద పెట్టెను నింపాలన్న ఉత్సాహంతో కొనుగోళ్లు పెంచుకోవద్దని మాత్రం అంటాను.

ఈ పెట్టె విషయానికే వస్తే, మూత బిగువుకూ పలకల మందానికీ పూర్తి మార్కులు ఇస్తాను, ముందు రంధ్రంలోని మీటరుకూ స్పాంజి పరికరానికీ మార్కులేమీ ఇవ్వను. మీటరు అంచు చుట్టూ లోపలి వైపు నుంచి వాసన లేని సిలికాన్ పట్టించాక వేసవిలో ప్యాకులు ముందుకన్నా నెమ్మదిగా గట్టిపడుతున్నాయి. కొనేముందు లోపలి పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో రాసుకోండి. మీరు ఎక్కువగా కాల్చే సిగార్ రింగ్ గేజ్‌ను 0.04తో గుణిస్తే దాని వ్యాసం సుమారుగా సెంటీమీటర్లలో వస్తుంది. పొడవును దానితో భాగించి వరుసకు ఎన్నో, లోతులోంచి ట్రే కోసం ఒకటిన్నర సెంటీమీటర్లు తీసేసి వరుసలెన్నో లెక్కించండి. ఆ రెండు సంఖ్యల లబ్ధంలో నూటికి 80 పాళ్లు మీ దగ్గర ఒకేసారి ఉండే సిగార్ల సంఖ్యకు దగ్గరగా ఉంటే ఆ పెట్టె మీకు సరైనది. లోపలి కొలతలు చెప్పకుండా అంకె మాత్రమే వేసి అమ్మే పెట్టెను, అది ఎంత అందంగా ఉన్నా, కొలిచి చూడకుండా తీసుకోవద్దు.